డువే కొనేముందు టేపు తియ్యండి: లోపలి బొంతకీ పై గలీబుకీ కొలత కుదరాలంటే

ప్రతి ఏడాదీ కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చేసరికి డువే గురించి, అంటే పైన గలీబు తొడిగి కప్పుకునే మెత్తటి బొంత గురించి, నాకు ఇవే ప్రశ్నలు. "అక్కా, డువే కొన్నాం, గలీబులో వేస్తే బొంతంతా కాళ్ల దగ్గరికి జారిపోయి ఉండ కట్టేస్తంది, ఏటి చెయ్యాలి?" "వదినా, రెండిటి మీదా డబుల్ అనే రాసుంది, మరెందుకు పట్టలేదు?" ఒక్కొక్కరికీ ఫోన్లో విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇదిగో ఒకేచోట రాసేస్తున్నా, ఇకమీద ఎవరడిగినా ఇదే పంపిస్తా.

నేను చెప్పేదంతా పిండితే ఒకటే మాట. డబుల్, కింగ్, సింగిల్ అని ప్యాకెట్ మీద రాసింది నమ్మొద్దు, టేపుని నమ్మండి. ముందు లోపలి బొంత కొనండి, ఇంటికి తెచ్చి కొలవండి, ఆ తర్వాతే గలీబు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, పువ్వుల డిజైను నచ్చిందనీసి ముందు గలీబు కొనేసి తర్వాత దానికి బొంత వెతుక్కుంటారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

పేర్ల దగ్గరే సగం మంది తప్పిపోతారు కాబట్టి అది తేల్చేసుకుందాం. డువే అంటే పైన ఏ డిజైనూ లేకుండా తెల్లగా ఉండే మెత్తటి బొంత, దాన్ని ఎప్పుడూ గలీబులో వేసే వాడాలి, తలగడకి గలీబు ఉన్నట్టే. మాసిపోతే గలీబు తీసి ఉతుక్కుంటాం, బొంత జోలికి వెళ్లం. కంఫర్టర్ అంటే డిజైను దాని మీదే ఉంటుంది, అలాగే కప్పుకోవడమే. దోహర్ పల్చటి గుడ్డలు రెండు మూడు కలిపి కుట్టింది, అది ఎండాకాలం ఏసీకి. ఇక మన అమ్మమ్మలు పాత చీరలు మడతేసి కుట్టిన బొంత సంగతి వేరు, దానికి సాటి ఏదీ లేదు కానీ అది ఉతకాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఇక్కడ నేను డువేని "లోపలి బొంత" అంటా, పైదాన్ని "గలీబు" అంటా. కంఫర్టర్ ఇప్పటికే ఇంట్లో ఉంటే దానికీ గలీబు కుట్టించుకోవచ్చు, కొలతల లెక్క ఇదే.

ఇంకోటి, అసలు మనకి అవసరమా అని కూడా అడుగుతారు. విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఫ్యాను కింద పడుకునే ఇంటికైతే అవసరం లేదు, సంక్రాంతి ముందు ఓ నెల రోజులు దుప్పటి మీద దుప్పటి వేసుకుంటే సరిపోతుంది. రాత్రంతా ఏసీ వేసుకునేవాళ్లకీ, ఢిల్లీలోనో బెంగళూరులోనో చదువుకునే పిల్లలకి పంపేవాళ్లకీ, అరకు పాడేరు వైపు ఉద్యోగం పడినవాళ్లకీ మాత్రం బాగా పనికొస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- ఇనప టేపు, 3 మీటర్లదో 5 మీటర్లదో. టైలర్ టేపు 60 ఇంచులే ఉంటుంది, 90 ఇంచుల బొంతని దాంతో కొలిస్తే మధ్యలో వేలు పెట్టి మళ్లీ మొదలెట్టాలి, అక్కడ ఒక ఇంచు అటో ఇటో పోతుంది.
- తూకం. లగేజి తూచే కొక్కెం కాటా ఉంటే మంచిది, లేకపోతే వీధి చివర కిరాణా కొట్టు కాటా.
- ఫోన్లో టార్చి.
- లంగా నాడా ఓ 4 మీటర్లు, సూది, దారం.
- కాగితం, పెన్ను. గుర్తుంటాదిలే అనుకోకండి, ఉండదు.

1. మంచం కాదు, పరుపు కొలవండి

పరుపు వెడల్పు, పొడుగు, మందం మూడూ రాసుకోండి. మన దగ్గర ఎక్కువగా కనపడేవి (ముందు పొడుగు, తర్వాత వెడల్పు) 72×36, 72×48, 78×60, 78×72 ఇంచులు. పాత టేకు మంచాలుంటే ఈ లెక్కల్లో ఏదీ పడదు, మా అత్తవారింటి మంచం 76×66, దానికి ఏ కంపెనీ దుప్పటీ సరిగ్గా కూర్చోదు.

బొంత వెడల్పు ఎంత ఉండాలంటే పరుపు వెడల్పుకి రెండు వైపులా చెరో 9 నుంచి 10 ఇంచులు కలపండి. 60 వెడల్పు పరుపుకి 80 వరకూ, 72 వెడల్పు పరుపుకి 90 దాకా. పరుపు మందం 8 ఇంచులు దాటితే ఇంకో ఇంచో రెండో కలుపుకోండి. పొడుగు గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు, తలగడ దగ్గర ఎలాగూ కప్పుకోం. అయితే ఇంట్లో ఆరడుగుల మనిషి ఉంటే 90 పొడుగు చాలదు, పాదాలు బయటికొస్తే రాత్రంతా తిట్లే, 100 తీసుకోండి.

మన మార్కెట్లో బొంతలు మామూలుగా (వీటికి ముందు వెడల్పు, తర్వాత పొడుగు) సింగిల్ 60×90, డబుల్ 90×100 లేదా 90×108 అని వస్తాయి. బయటిదేశాల లెక్కలో వచ్చేవి మాత్రం సెంటీమీటర్లలో ఉంటాయి, 135×200, 150×200, 200×200, 240×220 ఇలాగ. ఇంచులు కావాలంటే 2.54తో భాగించండి. 200×200 అంటే 79×79 ఇంచులు. దాన్ని తెచ్చి 90×100 గలీబులో వేస్తే ఏమవుతుందో చూడండి, వెడల్పులో 11 ఇంచులు, పొడుగులో 21 ఇంచులు ఖాళీ. రెండిటి మీదా "డబుల్" అనే రాసుంటుంది! ఉండ కట్టేస్తోందని అడిగినవాళ్లలో సగం మందిది ఇదే కథ.

ఇద్దరు పడుకుంటే ఒకటి పెద్దది కొనాలా రెండు చిన్నవా? లాక్కోవడాలు ఉంటే రెండు సింగిల్స్ కొనుక్కోండి, మొహమాటం వద్దు. జర్మనీ, స్వీడన్ లాంటి చలి దేశాల్లో మొగుడూ పెళ్లాలు ఎవరి డువే వాళ్లు కప్పుకోవడం మామూలే. ఉతకడం, ఆరేయడం కూడా సుఖం.

2. ఎంత వెచ్చదనం కావాలో తేల్చుకోండి

ఇక్కడ జీఎస్ఎం అన్న మాట వస్తుంది. ఒక చదరపు మీటరుకి లోపల ఎన్ని గ్రాముల దూది గానీ ఫైబర్ గానీ పెట్టారో ఆ లెక్క. మన ఊరి ఏసీ గదికి 120 నుంచి 150 చాలు. ఏసీ 22కి పెట్టుకుని గడగడా వణుకుతూ పడుకునే బాపతు అయితే 200. అరకు చలికి 250, ఢిల్లీ జనవరికి 300, ఆపైన. ఇంగ్లండు నుంచి ఎవరైనా తెస్తే దాని మీద టాగ్ అని ఉంటుంది, అది వాళ్ల వెచ్చదనం లెక్క, 4.5 టాగ్ వేసవిది, 13.5 గడ్డ చలికాలానిది. మనకి 4.5 దండి. 13.5 కింద ఇక్కడ పడుకుంటే తెల్లారేసరికి ఉడికిపోతాం.

మనవాళ్ల పెద్ద పొరపాటు ఏటంటే బరువుని బట్టి నాణ్యత అనుకోవడం. సోంపేట, ఇచ్ఛాపురం వైపు గల్ఫ్ నుంచి వచ్చిన కంబళ్లు ప్రతి ఇంట్లో ఒకటి ఉంటాయి కదా, పులి బొమ్మవో గులాబీలవో, మీద వేస్తే గుండె మీద మనిషి కూర్చున్నట్టుంటుంది. దాంతో అలవాటైపోయి షాపులో డువే ఎత్తి చూసి "ఇదేటి ఇంత తేలిగ్గా ఉంది, పనికిరాదు" అనేస్తారు. వెచ్చదనం బరువులో ఉండదు, లోపల చిక్కుకున్న గాల్లో ఉంటుంది. తేలిగ్గా ఉండి బాగా ఉబ్బిందంటేనే మంచి సరుకు.

3. లోపల ఏముందో అడగండి

మైక్రోఫైబర్ లేదా హాలో ఫైబర్: పాలిస్టరే, మొహం ముడుచుకోకండి. మన సముద్రపు గాలికి, తేమకి ఇదే నా ఓటు. తొందరగా ఆరుతుంది, బూజు వాసన పట్టదు.

దూది: ఒంటికి హాయి, చెమట పీల్చుకుంటుంది, కానీ తేమ కూడా పీల్చుకుంటుంది. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఆడపడుచు వాళ్లింట్లో కిటికీ తలుపు ఊడిపోయి మంచం మీదున్నవన్నీ తడిసిపోయాయి. ఫైబర్ కంఫర్టర్ ఎండ వచ్చిన రోజునే ఆరిపోయింది. దూది రజాయి మాత్రం పైకి ఆరినట్టే ఉండి మధ్యలో చెయ్యి పెడితే చల్లగా తగిలేది, సంక్రాంతికి వెళ్తే అప్పటికీ తడి మూకుడు వాసనే. చివరికి విప్పేసి దూది మళ్లీ ఏకించి కుట్టించారు. బూరుగు దూది కూడా అంతే, తలగడకి బంగారం, బొంతకి మాత్రం ఉండలు కట్టేస్తుంది.

ఉన్ని, పట్టు, బాతు ఈకలవి కూడా ఉన్నాయి. ఈకలది చాలా వెచ్చన, చాలా తేలిక, ధరా అంతే, మన ఊళ్లో మాత్రం డబ్బు దండగ.

4. షాపులోనే చెయ్యాల్సిన తనిఖీ

ప్యాకెట్ విప్పించండి. విప్పమంటే మొహం చిట్లిస్తారు, పర్వాలేదు, విప్పనంటే పక్క షాపుకి వెళ్లండి. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల ఒకటి కాకపోతే ఇంకోటి. విప్పాక ఇవి చూడండి.

కుట్టు ఎలా ఉందో: చదరంగం గళ్లలా డబ్బాలు డబ్బాలుగా కుట్టి ఉండాలి, ఒక్కో డబ్బా 8 నుంచి 10 ఇంచులు. నిలువు గీతలే ఉంటే లోపలి సరుకు మెల్లమెల్లగా కిందికి జారుతుంది. అంచులకి మాత్రమే కుట్టి మధ్యలో ఏమీ లేకపోతే అస్సలొద్దు, నాలుగు ఉతుకులకి అది సంచిలో దూది ముద్ద.

టార్చి పరీక్ష: బొంతని ఇద్దరు చెరో వైపు ఎత్తి పట్టుకుని వెనక ఫోన్ టార్చి వేసి అటూ ఇటూ జరపండి. వెలుగు అన్ని చోట్లా ఒకేలా మసగ్గా రావాలి. ఒక డబ్బాలో చీకటి, పక్క డబ్బాలో పట్టపగలు అయితే సరుకు సమంగా నింపలేదు. మూలలు తప్పకుండా చూడండి, మోసమంతా మూలల్లోనే, మధ్యలో బొద్దుగా ఉండి మూలకొచ్చేసరికి ఉత్త గుడ్డ మిగులుతుంది.

పిడికిలి పరీక్ష: ఒకచోట గట్టిగా పిసికి పదంకెలు లెక్కపెట్టి వదలండి. మెల్లగా మళ్లీ పైకి లేవాలి. అణిగిపోయి అలాగే ఉండిపోతే నాసిరకం.

అరచెయ్యి పరీక్ష: ముదురు రంగు చున్నీయో చీర కొంగో దాని మీద పెట్టి అరచేత్తో ఓ ఇరవైసార్లు రుద్దండి. తెల్లటి పోగులు అంటుకున్నాయంటే పైగుడ్డ నేత వదులు, రేపు గలీబు లోపలంతా నూగే.

ముక్కు పెట్టి వాసన కూడా చూడండి. కొత్త వాసన ఉండొచ్చు, కిరసనాయిలు లాంటి ఘాటు ఉండకూడదు.

నాలుగు మూలలా చిన్న లూపులు, అంటే గుడ్డ ఉంగరాలు, ఉన్నాయో లేదో చూడండి, ఉంటే సగం పని అయిపోయినట్టే. లేకపోయినా మిగతావన్నీ బాగుంటే తీసుకోండి, మనమే కుట్టుకోవచ్చు.

ఆన్‌లైన్లో కొంటే ఇవన్నీ ఇంటికొచ్చాక చెయ్యాలి, అందుకే వెనక్కిచ్చే గడువు చూసుకుని ఆర్డర్ పెట్టండి, అన్నీ అయ్యేదాకా ట్యాగు కొయ్యొద్దు. గాలి పీకేసి అప్పడంలా నొక్కి పంపిస్తారు, రాగానే చూసి ఇంత పల్చగా ఉందేంటని కంగారు పడకండి, పరిచి ఒక రోజు వదిలేస్తే ఉబ్బుతుంది.

5. తూచండి

ఇది ఎవరూ చెయ్యరు, చేస్తే మాత్రం రాసిన జీఎస్ఎం నిజమో కాదో తేలిపోతుంది. పొడుగుని వెడల్పుతో గుణించి (ఇంచుల్లో) 1550తో భాగించండి, చదరపు మీటర్లు వస్తాయి. 90×100 అయితే 9000ని 1550తో భాగిస్తే 5.8. దాన్ని 200 జీఎస్ఎంతో గుణిస్తే 1160 గ్రాములు, అంటే లోపలి సరుకే కిలో దాటాలి. పైగుడ్డ రెండు వైపులా కలిపి ఇంకో 900 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. మొత్తం మీద 2 కిలోలకి అటూ ఇటూ తూగాలి. 60×90 సింగిల్ అయితే ఇదే లెక్కన కిలోంపావు.

200 అని రాసి ఉన్న డబుల్ 1400 గ్రాములే తూగిందనుకోండి, పైగుడ్డ తీసేస్తే లోపలున్నది అర కిలో, అంటే 90 జీఎస్ఎం కూడా లేదు. వంద గ్రాములు తేడా వస్తే మాత్రం గొడవ పెట్టుకోకండి, పైగుడ్డ మందం ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది.

6. ఇంటికి తెచ్చిన బొంతని మళ్లీ కొలవండి

నేల మీద పరిచి చేత్తో నిమిరి ముడతలు తియ్యండి, లాగొద్దు. పైన, మధ్యలో, కింద మూడు చోట్ల వెడల్పు కొలవండి, పొడుగూ అలాగే. మూడింటిలో తక్కువ వచ్చినదాన్ని రాసుకోండి. లోపల సరుకు పెట్టి కుట్టేసరికి గుడ్డ ముడుచుకుంటుంది కదా, అందుకే 90×100 అని రాసింది నిజంగా 88×97 వస్తుంటుంది. ఇకనుంచి మీకు పనికొచ్చే అంకె ఇదే, ప్యాకెట్ మీదది కాదు.

7. గలీబు కొలత: బొంత కంటే పెద్దది కాదు, పిసరంత చిన్నది

ఇక్కడ అందరూ ఉల్టా ఆలోచిస్తారు, గలీబు కాస్త వదులుగా ఉంటే సులువుగా దూరుతుంది కదా అనీసి. దూరుతుంది, నిజమే, రాత్రి రెండింటికి ఒక మూలకి చేరిపోతుంది కూడా. గలీబు బొంతతో సమానంగా గానీ, ఇంచు నుంచి రెండించులు చిన్నగా గానీ ఉండాలి. అప్పుడే బొంత లోపల కదలకుండా నిండుగా, పూరీలా పొంగి కనిపిస్తుంది. మూడించుల కంటే చిన్నదైతే అంచులు ముడుచుకుపోయి గట్టులా తయారవుతాయి.

గుర్తుంచుకోండి, ఇది ఉతికిన తర్వాత కొలత. కాటన్ గుడ్డ మొదటి ఉతుకుకి నూటికి మూడు నుంచి అయిదు వంతులు కుంచించుకుపోతుంది, 100 ఇంచులకి మూడు నుంచి అయిదించులు పోయినట్టే. కాబట్టి రెడీమేడ్ కాటన్ గలీబు కొనేటప్పుడు బొంత కంటే ఇంచో రెండించులో పెద్దదే తీసుకోండి, ఉతికాక సరిపోతుంది. పాలిస్టర్ కలిసినది పెద్దగా కుంచించుకోదు, బొంత కొలతకే కొనుక్కోవచ్చు.

గుడ్డ సంగతి. గ్లేస్ కాటన్ అని అమ్మేది చాలావరకు పాలిస్టరే, పేరు చూసి మోసపోవద్దు. అనుమానం ఉంటే అంచున ఒక పోగు లాగి, సింకు దగ్గర నిలబడి, జాగ్రత్తగా అగ్గిపుల్లతో కాల్చండి. కాటన్ కాగితంలా కాలి బూడిదైపోతుంది, పాలిస్టర్ కరిగి నల్లటి పూసలా గట్టిపడుతుంది. థ్రెడ్ కౌంట్ 200 నుంచి 300 చాలు. వెయ్యి అని రాస్తే నవ్వుకుని పక్కన పెట్టండి, ఒక్కో పోగులో పురులు విడివిడిగా లెక్కేసి చూపిస్తారు. మరీ నున్నగా జారే సాటిన్ గుడ్డలో బొంత కూడా జారుతుంది, మామూలు నేత కాటన్ లోపల పట్టుకుని ఉంటుంది.

మూతికి జిప్పు ఉంటే ప్లాస్టిక్‌దే తీసుకోండి, ఇనప జిప్పు మన ఉప్పుగాలికి తుప్పు పట్టి గుడ్డ మీద ఎర్రటి గీతలు పెడుతుంది.

8. కుట్టించుకునేవాళ్లకి (నేను చేసిన తెలివితక్కువ పని సహా)

నాకు రెడీమేడ్‌లో నచ్చక రెండు 90×100 దుప్పట్లు కొని మా వీధి టైలరమ్మ చేతిలో పెట్టా. రెండు దుప్పట్లు కలిపి మూడు వైపులా కుడితే 90×100 గలీబు వచ్చేస్తుంది కదా, ఇందులో ఏముందీ అనుకున్నా. ఆవిడ అడిగింది కూడా, "తడిపి ఇచ్చారా అమ్మా?" అనీసి. తడిపాలే అన్నా. తడపలేదు. కుట్టాక ఉతికాక కొలిస్తే 86×95. కుంచించుకుపోయింది మూడించులు, కుట్టుకి పోయింది ఒక ఇంచు, మూతి మడతకి పోయింది ఇంకో ఇంచున్నర. లోపల 90 ఇంచుల బొంత పెడితే అంచులన్నీ చేగోడీల్లా మెలి తిరిగిపోయాయి. మా ఆయన చూసి ఇది కప్పుకోడానికా కూర్చోడానికా అన్నాడు. మళ్లీ పక్కలు విప్పించి ఒక్కో వైపు మూడించుల పట్టీ వేయించా, రంగు కలవలేదు, ఇప్పటికీ అదే వాడుతున్నాం.

మీరు ఇలా చెయ్యండి. టేపుతో కొలిస్తే 90×100 వచ్చిన బొంతకి 108×108 దుప్పట్లు రెండు గానీ, 108 పన్నా ఉన్న గుడ్డ గానీ తీసుకోండి. ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి పిండి ఆరేసి ఇస్త్రీ చేసి ఆ తర్వాతే టైలర్‌కి ఇవ్వండి. చెప్పాల్సింది నోటితో కాదు, కాగితం మీద రాసి ఇవ్వండి: అయిపోయాక లోపలి కొలత 89×99, కుట్టు వైపులా అరించు, మూతి కాళ్ల వైపు, మూతి వెడల్పు 40 ఇంచులు, మూతికి ఆరేసి ఇంచులకి ఒక టిచ్ బటన్, లోపలి అంచులు ఓవర్‌లాక్. మూతి మొత్తం వెడల్పూ తెరిచి ఉంచేస్తే బొంత కింది మూలలు బయటికి తొంగి చూస్తాయి, మరీ 20 ఇంచులే పెడితే దూర్చలేక చస్తారు.

పొందూరు ఖాదీతో కుట్టించుకోవచ్చా అని ఒకావిడ అడిగింది. ఎంత ముచ్చటైన కోరికో! కానీ పన్నా చిన్నది, మధ్యలో అతుకులు పడతాయి, పైగా ఆ సన్నటి నేత రోజూ రాత్రి ఈడ్చుకోడానికి కాదు. దాన్ని చీరగానో పంచెగానో కట్టుకోండి, ఇక్కడ మామూలు కాటన్ కానివ్వండి.

9. నాడాలు

కొలత ఎంత కుదిరినా కట్టకపోతే జారుతుంది. గలీబుని తిరగేసి, లోపలి వైపు నాలుగు మూలల్లో ఒక్కోచోట జానెడు నాడా ముక్కలు రెండేసి కుట్టండి. డబుల్ అయితే పక్కల మధ్యలో కూడా ఒక్కో జత, నాలుగు వైపులా, మొత్తం ఎనిమిది జతలు. బొంతకి లూపులు లేకపోతే రెండించుల నాడా ముక్కని ఉంగరంలా మడిచి బొంత అంచు పైపింగ్ మీద కుట్టండి. అంచు మీదే సుమా, లోపలికి సరుకున్న చోట కుడితే లాగినప్పుడు గుడ్డ చిరిగి దూది బయటికొస్తుంది. ముడి వెయ్యొద్దు, లంగా బొందుకి వేసినట్టు జారుముడి వెయ్యండి, ఉతికే రోజున నన్ను తలుచుకుంటారు.

పిన్నీసులు పెట్టేస్తే పోలేదా అంటే, ఒకటి రెండు రోజులకి సరే. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు.

10. బొంతని గలీబులోకి ఎక్కించడం

మా అత్త మొదటిసారి చేసినప్పుడు తలగడకి తొడిగినట్టే గలీబు మూతి పట్టుకుని లోపలికి తోసింది, తోసి తోసి చివరికి తనే సగం లోపలికి వెళ్లిపోయింది. అలా కాదు, చాప చుట్టినట్టు చుట్టాలి.

గలీబుని లోపలిది పైకి వచ్చేలా తిరగేసి మంచం మీద పరవండి, మూతి కాళ్ల వైపు. దాని మీద బొంత పరవండి, మూలకి మూల. నాడాలన్నీ కట్టేయండి. ఇప్పుడు తల వైపు నుంచి రెండూ కలిపి బిగుతుగా కాళ్ల వైపుకి చుట్టుకుంటూ రండి, ఇద్దరుంటే చెరో చివర. చివరికి వచ్చాక ఆ చుట్ట రెండు కొసలకీ గలీబు మూతిని తిరగేసి తొడగండి, మేజోడు తిరగేసినట్టు. మూతి మూసి, తిరిగి కాళ్ల వైపు నుంచి తల వైపుకి విప్పుకుంటూ వెళ్లండి. ఏదో గారడీలా బొంత లోపలికి వెళ్లిపోయి ఉంటుంది.

చుట్టడం రాకపోతే ఇంకో దారి: తిరగేసిన గలీబులో రెండు చేతులూ దూర్చి, లోపల నుంచి పై మూలలు పట్టుకుని, గుడ్డ మీదుగానే బొంత పై మూలలు పట్టేసి, మంచమెక్కి నిలబడి దులపండి. గలీబు దానంతటదే కిందికి జారుతుంది. ఫ్యాను ఆపేసి ఎక్కండి.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

నాలుగు మూలలూ చిటికెతో పట్టుకోండి, ప్రతి మూలలో వేళ్ల మధ్య మెత్తగా బొంత తగలాలి. ఉత్త గుడ్డ రెండించుల కంటే ఎక్కువ తగిలితే గలీబు పెద్దది. అంచుల వెంట చెయ్యి పోనిస్తే తాడులా గట్టిగా ముడత తగిలితే గలీబు చిన్నది. తల వైపు రెండు మూలలు పట్టి మూడుసార్లు గట్టిగా దులిపి మంచం మీద వేసి మళ్లీ చూడండి, మధ్యలో గుంట పడకూడదు.

అసలు పరీక్ష మూడు రాత్రులు వాడాక. నాలుగో పొద్దున్న మూలలు మళ్లీ చిటికె వేసి చూడండి. గలీబు పెద్దదని తేలితే కొత్తది కొనక్కర్లేదు, మూతి ఉన్న కాళ్ల వైపు తప్ప మిగతా వైపుల్లో ఎంత వదులుందో అంత లోపలికి ఇంకో కుట్టు వేయించండి, అయిదు నిమిషాల పని. చిన్నదైతే మాత్రం నాలా పట్టీ వెయ్యడమే.

ఉతకడం, దాచడం

గలీబు పది రోజులకోసారి. లోపలి బొంత ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు, మధ్యలో నెలకోసారి నీడ పట్టున గాలికి ఆరేస్తే సరిపోతుంది. డబుల్ బొంత తడిస్తే ఇంట్లో మామూలు 6, 7 కిలోల టాప్ లోడ్ మిషను తిప్పలేక గుడగుడలాడుతుంది, పెద్ద ఫ్రంట్ లోడ్ ఉన్నవాళ్ల ఇంటికో లాండ్రీకో ఇవ్వండి. సబ్బు సగమే వెయ్యండి, ఎక్కువైతే లోపల ఉండిపోయి జిగురు పడుతుంది. డాబా మీద తాడు మీద వెయ్యొద్దు, నీళ్ల బరువుకి సరుకంతా కిందికి దిగిపోతుంది, నులక మంచం ఉంటే దాని మీద పరిచి రెండు గంటలకోసారి తిప్పండి. ఉతకడానికి ఫిబ్రవరి, మార్చి మంచివి. అక్టోబర్, నవంబర్లో వాయుగుండం అన్న మాట వినిపిస్తే ఆ వారం ముట్టుకోకండి.

ఎండాకాలం దాచేటప్పుడు అది వచ్చిన ప్లాస్టిక్ సంచిలోనే పెట్టేస్తారు అందరూ, లోపల చెమ్మ పట్టి మచ్చలొస్తాయి. పాత కాటన్ చీరలో మూటకట్టి బీరువా పై అరలో పెట్టండి, కలరా ఉండలు గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి, బొంత మీద నేరుగా వెయ్యొద్దు. దాని మీద వేరే సామాన్లు పేర్చకండి, ఉబ్బు పోతుంది.

మూట మీద ఒక కాగితం గుచ్చి బొంత అసలు కొలత, గలీబు ఉతికాక కొలత రెండూ రాసి పెట్టండి. వచ్చే ఏడు ఇంకో గలీబు కొనాలన్నప్పుడు ఆ కాగితం ఫొటో తీసుకుని షాపుకి వెళ్తే చాలు, నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు.